వెనక ఎడమ చక్రం

"వదినె, ఒక్కపారి అన్నకు ఫోన్ కలుపున్రి," అని టైర్ల రమేశ్ మూడోసారి అనేసరికి, ప్రేమలతకు ఆ షాపులో గోడెత్తున పేర్చిన టైర్లన్నిటినీ ఒక్కొక్కటే కోరుట్ల నడిరోడ్డు మీదికి దొర్లించాలన్నంత కోపం వచ్చింది. కారు తెచ్చింది తను. నడిపేది తను. కావాల్సిందేమిటో కూడా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది: ఈ పదిహేడించుల అలాయ్ చక్రాలు తీసెయ్యాలి, బండి కొత్తలో ఉన్నట్టు పదిహేనించుల ఇనుప రిమ్ములు వెయ్యాలి, వాటికి ఎత్తైన మెత్తటి టైర్లు ఎక్కించాలి, లోపల పడుకున్న మనిషికి కుదుపు తగలొద్దు. ఇందులో అన్నను అడగాల్సింది ఏముంది? ఆ అన్న, అంటే తన మొగుడు శ్రీధర్, షార్జాలో ఏదో కట్టడం మీద క్రేన్ నడుపుతున్నాడు, ఇక్కడి గుంటలు అక్కడికి తెలుస్తాయా? పైగా గడియారం పదిన్నర దాటింది, పన్నెండున్నరకు జగిత్యాలలో డాక్టరు. షాపు ముందు రేకుల నీడలో కారు, కారు వెనక సీట్లో రెండు బొంతలు, బొంతల మీద మామ లస్మయ్య, తల ఈ తలుపు వైపు, కాళ్ళు ఆ తలుపు వైపు. కల్లు గీయడానికి ఎక్కిన తాటిచెట్టు మీంచి పడిన పదకొండు నెలల నుంచీ ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉండే మనిషి. ఇయ్యాల ఆఖరుసారి బిడ్డా, ఇగ నేను రాను, అని పొద్దున తమ ఊరు ఇబ్రహీంపట్నంలో బండి ఎక్కించేటప్పుడే చెప్పేశాడు. ఎందుకు రావు అంటే కారు పైకప్పు వైపు చూశాడు. డాక్టరు కూడా పోయినసారి అదే మాట ఇంకో తీరుగా అన్నాడు: నడుము కింద స్పర్శ ఇంకా రాలేదంటే ఇక తిప్పడం అనవసరమమ్మా, వచ్చేసారి చూసి చెప్పేస్తాను. అంటే ఆ మనిషి మళ్ళీ లేచి నిలబడతాడా, ఇక జన్మంతా మంచమేనా అన్నది ఇవాళ పన్నెండున్నరకు తేలిపోతుంది. ఇక్కడ ఈ రమేశ్‌కేమో అన్న గొంతు వినాలి.

రమేశ్ చెడ్డవాడు కాదు, ఇంకా చిరాకు అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి పక్క షాపుకు పోవచ్చు. శ్రీధర్‌తో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, చాయ్ తెప్పించాడు, కుర్చీ తుడిచి వేశాడు, మామకు నీళ్ళు కావాలా అని అడిగాడు, చెప్పిన పని తప్ప అన్నీ చేస్తున్నాడు. మూడు చక్రాలు తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. మొదటిది పదహారించుల అలాయ్. "గిది మధ్యస్తం వదినె, అన్న మాటా ఉంటది, మీ మాటా ఉంటది," అన్నాడు, ఇదేదో పంచాయితీ తెంపుతున్నట్టు. రెండోది పక్కలు మందంగా ఉన్న టైరు. "గిది గట్టిది, రాయి తగిలినా ఏం గాదు." గట్టిది, గట్టిది, ఈ దేశంలో ఏ వస్తువును పొగడాలన్నా ఇంకో మాట లేదు, ట్రాక్టరు గట్టిది, ఇల్లు గట్టిది, మనిషి గట్టోడు. మెత్తది కావాలని నోరు తెరిచి అడిగినదానికి గట్టిది తెచ్చి చూపిస్తాడా? మూడోది వెనక మూల నుంచి దుమ్ముతో సహా దొర్లించుకొచ్చాడు, దాని ముఖం చూడకుండానే, "గిది ట్యాక్సీలోల్లు ఏస్కుంటరు," అన్నాడు. ప్రేమలత వంగి దాని పక్కను బొటనవేలితో నొక్కింది, మెత్తగా లోపలికి పోయింది. గట్టిదాన్నీ నొక్కింది, అదీ పోయింది. "గాలి లేకుంటె అన్నీ మెత్తగనే ఉంటయి వదినె," అని రమేశ్ నవ్వాపుకున్నాడు. సరే, వేలితో తెలియదు, అంకెలతో తెలుస్తుంది కదా, నాలుగు రోజులు ఫోన్ ముందేసుకుని చదివింది ఊరికేనా. టైరు పక్కన రాసిన మొదటి అంకె వెడల్పు, రెండోది పక్క ఎత్తు, ట్యాక్సీవాళ్ళ టైరు మీద అరవై ఐదు, తన బండికున్న వాటి మీద నలభై ఐదు. రిమ్ముకూ రోడ్డుకూ నడుమ ఉన్నది ఆ కాస్త రబ్బరే, అందులోని కాస్త గాలే, అది ఎంత ఎక్కువుంటే అంత దెబ్బ అది తింటుంది, ఎంత తక్కువుంటే అంత దెబ్బ మనిషి తింటాడు. ఇంత సాదా ముచ్చట, రెండేళ్ళ కింద ఆ అలాయ్‌లు బిగించినప్పుడు ఈ ఇద్దరు మగవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఫోన్ కలిపింది, ఇక వాదించే ఓపిక లేక. తెర మీద పచ్చ టోపీ, గాలి హోరు, మధ్యలో శ్రీధర్ ముఖం. "ఏందే, పనిల ఉన్న," అన్నాడు. చెప్పింది. "గా రింగులు తీస్తవా? పిచ్చి లేసిందా? తీస్తె గది కారులెక్క ఉంటదా? దసరాకు నేను అస్తున్న గద, అచ్చినంక చూద్దాం. బాపు మంచిగనే ఉన్నడు గద?" ఆమె నోరు తెరిచేలోపే కారులోంచి లస్మయ్య గొంతు, తాటిచెట్టు మొవ్వులోంచి కింద నిలబడ్డవాళ్ళకు వినిపించేంత గొంతు: "నాకేమైంది కొడుకా, మంచిగనే ఉన్న!" విన్నవా మరి, అన్నాడు శ్రీధర్, ఫోన్ పెట్టేశాడు. రమేశ్ ఏమీ విననట్టు పక్కకు తిరిగి టైరు మీద దుమ్ము దులిపాడు. మంచిగనే ఉన్న! కొడుకు అడిగితే మంచిగనే ఉన్న, పెండ్లాం అడిగితే ఏం లేదు, డాక్టరు అడిగితే లేదు సారు. ప్రేమలతకు ముగ్గురి మీదా కోపం వచ్చింది, ఎవరి మీద ముందు చూపించాలో తెలియక చల్లారిన చాయ్‌ను ఒక్క గుక్కలో తాగేసింది.

ఆ రింగులు, ఆ అలాయ్ చక్రాలు. పోయినసారి రెండు నెలల సెలవు మీద వచ్చి పాత కారు కొన్న మర్నాడే వాటిని బిగించాడు. పళ్ళు తోముకునే బ్రష్‌తో ఆకు సందులన్నీ తోమి, గుడ్డతో తుడిచి, నాలుగడుగులు వెనక్కి పోయి చూసుకుని, మళ్ళీ వచ్చి తోమాడు. పెళ్ళైన కొత్తలో తనను కూడా అంత శ్రద్ధగా చూడలేదు మహానుభావుడు. సెలవు అయిపోయింది, కారు కవరు కప్పుకుని ఇంటి ముందు నిలబడింది, వారానికోసారి స్టార్టు చెయ్యి, లేకుంటే బ్యాటరీ పోతది, అని ఫోన్‌లో రోజూ చెప్పాడు. స్టార్టు చేసే దానివి ఇంత దూరం ముందుకూ వెనక్కూ జరపరాదా అని చేతులు దురద పెట్టాయి. ముత్యంపేటలో పుట్టిన పిల్ల, చెరుకు ట్రాక్టరు మడ్గార్డు మీద కూర్చుని నాయిన గేరు మార్చడం చూస్తూ పెరిగింది, గేరంటే భయమేముంది? నెలలో నేర్చుకుంది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు, లస్మయ్య కోడలు కారు నడుపుతదట, అని. నవ్వినవాళ్ళే ఆ తర్వాత బాలింతను తీసుకురావాలని ఒకరు, పసుపు మార్కెట్‌కు పోవాలని ఒకరు ఇంటికి వచ్చారు. ఆ తర్వాత వాన వెలిసిన పొద్దున మామ చెట్టు మీంచి జారాడు. మొదట అంబులెన్సు, తర్వాత ఆటో, ఆటోలో మూడుసార్లు జగిత్యాల పోయివచ్చాక అత్త అంజవ్వే అంది, మనింట్ల కారు పెట్టుకుని గీ గోసేంది పిల్లా, అని. అట్లా మొదలైంది, కాళ్ళకు కసరత్తు చేయించడానికి వారానికి మూడు పొద్దులు, ఆరు నెలలు.

ఇంటి నుంచి ఆసుపత్రి దాకా నలభై మూడు స్పీడు బ్రేకర్లు. ఆమె లెక్కపెట్టింది. అందులో తొమ్మిదింటికే తెల్లగీతలు, మిగతావి చేప వీపులా నల్లరోడ్డులో కలిసిపోయి ఉంటాయి, దగ్గరికి పోతే గానీ కనపడవు. వేసినవాణ్ణి తిడదామంటే, ప్రతి ఊళ్ళో ఎవరో ఒక పిల్లవాడు బండి కింద పడితేనే వేసి ఉంటారు, తిట్టడానికీ నోరు రాదు. నడకంత మెల్లగా ఎక్కించి దింపినా ఆ అలాయ్‌లు ఊరుకోవు, గులకరాయి తగిలినా లోపలికి వచ్చి చెప్తాయి. పోయిన నెల ఒకనాడు అద్దంలోకి చూస్తే, బ్రేకరు రాబోయే ముందు మామ భుజం మీది తువ్వాలను తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు, దాటాక తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు, ఆ కళ్ళు మాత్రం రెండు ముందు సీట్ల సందులోంచి రోడ్డునే చూస్తున్నాయి. నొస్తుందని ఒక్క మాట అనరాదా! నడుములో విరిగిన ఎముక, రాకుండా ఎట్లా ఉంటుంది నొప్పి, కానీ అడిగితే కదా చెప్పేది, చెప్తే కదా తెలిసేది. అత్తతో అడిగించింది. ఏం లేదన్నాడు. అందుకే ఇక రానంటున్నాడని, ఈ దారే ఆయన్ను చంపుతోందని, దారిని మార్చలేను కానీ చక్రాలు మార్చగలను కదా అని నాలుగు రోజులు ఫోన్‌లో టైర్ల అంకెలు చదివింది.

తనే అడగరాదా అంటారు చెప్పేవాళ్ళు. పదహారేళ్ళ కాపురంలో మామ ముందు మంచం మీద కూర్చోలేదు, కంచం పెట్టి తలుపు చాటుకు తప్పుకునే కోడలు, చెప్పాల్సింది గోడకో గేదెకో చెప్పినట్టు చెప్తే ఆయనా గేదెకే జవాబిచ్చేవాడు. ఇప్పుడు వారానికి మూడు పొద్దులు నాలుగడుగుల కారులో ఇద్దరే, ఆమె అద్దంతో మాట్లాడుతుంది, ఆయన కారు పైకప్పుతో. బండిలోకి ఎత్తేది వాడకట్టు మగవాళ్ళు, ఆసుపత్రిలో దింపేది వార్డుబాయిలు, ఆయన ఒంటి మీద ఆమె చెయ్యి ఒక్కనాడూ పడలేదు, పడకూడదు. మొదట్లో డాక్టరు చెప్పాడు, కాళ్ళలో స్పర్శ వచ్చిందంటే హైదరాబాద్‌లో రెండు నెలలు ఉంచి నడక నేర్పిస్తారు, ఎత్తాలి, స్నానం చేయించాలి, పక్కన మగమనిషి ఒకరు తప్పకుండా ఉండాలి, అని. అందరూ తలూపారు. తనూ ఊపింది, సిగ్గులేకుండా. అత్త మోకాళ్ళు ఆమెనే మొయ్యవు, ఇక మగమనిషంటే శ్రీధరే, పని విడిచిపెట్టి రావాలి, వస్తే ఆ కంపెనీవాడు మళ్ళీ పిలుస్తాడా. స్పర్శ రాలేదు, ఆ ముచ్చటా మళ్ళీ రాలేదు. మగమనిషి, మగమనిషి. టైరు మార్చడానికీ మగమనిషి గొంతే కావాలి.

"తియ్యి," అంది లేచి. 

"వదినె, అన్న ఏమో..." 

"అన్న పంటడా ఆ సీట్ల? ట్యాక్సీలోల్లవే ఎయ్యి. గా రింగులు గోనెసంచిల కట్టి డిక్కీల పెట్టు, దసరాకు అచ్చి ముద్దు పెట్టుకుంటడు."

రమేశ్ ఫిట్టరును కేకేశాడు. మళ్ళీ అంతలోనే ఇంకో అడ్డం: జాకీ పెట్టాలంటే లోపలి మనిషిని దింపాలి. దింపాలంటే నలుగురు కావాలి, దింపి ఎక్కడ పెట్టాలి, టైర్ల కుప్ప మీదా? దింపేది లేదు, మనిషి ఉండంగనే ఎత్తు, అంది. ఫిట్టరు గడ్డం గోక్కుని, చక్రాలకు అడ్డంగా రాళ్ళు పెట్టి, కుడివైపు వెనక నుంచి మెల్లగా ఎత్తాడు. కారు ఒక పక్కకు ఒరిగింది, లోపల లస్మయ్య తలుపు పిడి పట్టుకున్నాడు. "గింతెత్తుకేనా గింత లొల్లి," అన్నాడు పైకప్పుతో. రమేశ్ పకపకా నవ్వాడు, ప్రేమలతకు కూడా నవ్వు వచ్చేదే, గడియారం పదకొండు చూపించకపోతే. నట్లు ఊడాయి, మెరిసే రింగు దిగింది, నల్లటి ఇనుప చక్రం ఎక్కింది. నిజంగానే అందవికారంగా ఉంది, శ్రీధర్ చూస్తే ఏడుస్తాడు. గాలి ఎంత పెట్టాలని అడిగాడు ఫిట్టరు, అన్న అయితే నలభై పెట్టమనేటోడు, గట్టిగుంటె మైలేజి అస్తది, అని. ముప్పై రెండు, అంది, తలుపు అంచు మీద అంటించి ఉన్న చీటీ చూపించి. ముందు కుడి అయింది, ముందు ఎడమ అయింది. వెనక ఎడమ చక్రం నట్లు బిగించి ఫిట్టరు జాకీ పిడిని ఒక్కసారి వదిలేశాడు, కారు దభీమని కూలబడింది.

"ఓయమ్మో, నా కాలు!"

రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆగి చూశారు. ఫిట్టరు చేతిలోని పానా కింద పడింది. ప్రేమలత పరుగున వచ్చి తలుపు పట్టుకుంది. బ్రేకరైతే ఆయనకు ముందే కనపడుతుంది, తువ్వాల అందుకునే టైముంటుంది, దీనికి లేకపోయింది. నా కాలు అన్నాడు. నడుము అనలేదు. కాలు. "ఏ కాలు మామా?" అంది, గేదెను అడగలేదు, అద్దాన్ని అడగలేదు. లస్మయ్య పెదవులు బిగించి పైకప్పు చూశాడు. పదహారేళ్ళ అలవాటంతా ఒక్క క్షణం ఆమె చేతిని పట్టి ఆపింది, మరుక్షణం ఆమె అటు వైపు తలుపు తెరిచి బొంత కిందికి చెయ్యి పెట్టి మామ ఎడమ పాదాన్ని పట్టుకుంది. చల్లగా, ఎండిన కట్టెలా ఉంది. బొటనవేలిని గోరు దిగేలా నొక్కింది. "గీ కాలేనా?" 

ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి. "ఊఁ," అన్నాడు. "ఇడువు బిడ్డా, నొస్తున్నది." 

"ఎప్పటిసంది?" 

"నెల అయితుంది."

నెల. నెల రోజుల్లో పన్నెండుసార్లు డాక్టరు సూదితో గుచ్చి తెలుస్తుందా అని అడిగాడు, పన్నెండుసార్లు ఈయన లేదు సారు అన్నాడు, ఆ తువ్వాల కొరికింది నడుము నొప్పికి కాదు. పదకొండు నెలలు దేనికోసం అత్త దేవుళ్ళకు మొక్కిందో, దేనికోసం తను నలభై మూడు బ్రేకర్లు ఎక్కి దిగిందో, అది వచ్చి నెల రోజులుగా ఆ బొంత కింద దాక్కుని ఉంది. ఎట్లా తిట్టాలో కూడా తెలియలేదు. "ఎందుకు చెప్పలే మామా? నీ కాళ్ళల్ల జీవం లేదు, ఇంక తోలుకరాకున్రి అని ఇయ్యాల రాసిస్తుండె గద డాక్టరు! ఎందుకు చెప్పలే?" 

"చెప్తె పట్నం పొమ్మంటరు," అన్నాడు లస్మయ్య. "మగమనిషి ఉండాలన్నడు. శ్రీధర్ గాడు నౌకరి ఇడిసిపెట్టి ఉరుకొస్తడు. నాకోసమని వాని బతుకు ఆగం చేస్తనా? గిట్లనే పడి ఉంట, ఏమైతది." 

అప్పుడు వచ్చింది ఆమెకు అసలైన కోపం, పొద్దుటి నుంచి రమేశ్ మీదా ఫోన్ మీదా బ్రేకర్ల మీదా ముక్కలుగా పోయిన కోపమంతా ఒక్కచోటికి చేరి. "మగమనిషి, మగమనిషి! గీ బండి ఎవలు నడుపుతున్నరు మామా? ఆర్నెల్లసంది జగిత్యాల ఎవలు తోలుకపోతున్నరు? మగమనిషి షార్జాల ఉన్నడు, నేను గీడ ఉన్న. పట్నం నేనస్త. నేనెత్తుత, నేనే తానం చేపిస్త, నీ కొడుకు ఫోన్‌ల చూస్కుంట కూసుంటడు!" రమేశ్, ఫిట్టరు, ఆగిన ఇద్దరు మనుషులు అందరూ వింటున్నారని తెలుసు, తెలిసీ గొంతు తగ్గించలేదు. తన చెయ్యి ఇంకా ఆ పాదం మీదే ఉంది. "కోడలువు..." అన్నాడు లస్మయ్య, "మామ ఒళ్ళు..." అంటూ ముఖం అటు తిప్పుకున్నాడు. "ముట్టుకున్న గద ఇప్పుడు," అంది ఆమె, "ఏమైంది? నింగి కూలిందా?" 

పదకొండున్నరకు కారు కోరుట్ల దాటింది. ముందొక పత్తి లారీ, దారి ఇవ్వదు, వేగంగా పోదు, దాని వెనక రాసిన ప్రేమ కవిత్వమంతా చదువుతూ పోవాల్సిందే. మొదటి బ్రేకరు వచ్చింది, ఎక్కింది, దిగింది, బండి మెత్తగా ఊగి ఊరుకుంది. ఎన్నడూ లేనిది తువ్వాల భుజం మీంచి కదల్లేదు, అద్దంలో లస్మయ్య ముఖం ఆశ్చర్యంగా ఉంది. రెండోది కూడా అంతే. ఫోన్ మోగింది, శ్రీధర్, రమేశ్ చెప్పేసి ఉంటాడు, రింగుల కోసమో తండ్రి కోసమో, మోగనిచ్చింది. కళ్ళలో నీళ్ళు నిండి లారీ మసకగా కనిపిస్తోంది, హారన్ కొట్టింది, అది జరగలేదు, దాని యజమానిని, వాణ్ణి కన్నవాళ్ళను మనసులో తిట్టింది. ఎంత ఊపిరి బిగబట్టి ఉంటాడు ఈ మనిషి, కొడుకు కోసం, తన కాళ్ళకు తానే తాళం వేసుకుని. హైదరాబాద్‌లో ఎక్కడుంటారో ఏమో, ఎత్తగలదో లేదో, ఊళ్ళో ఏమనుకుంటారో, అనుకోనీ. అద్దంలో కాదు, మెడ తిప్పి వెనక్కి చూసి అడిగింది.

"మామా, డాక్టరు సూది గుచ్చి తెలుస్తుందా అంటడు. ఏమంటవ్?" 

లారీ ఎడమకు జరిగింది, దారి వచ్చింది, ఆమె దాటలేదు, జవాబు కోసం ఆగింది. 

"'తెలుస్తున్నది' అంట," అన్నాడు లస్మయ్య. మళ్ళీ తనే, "పక్కకు ఎవలుంటరని అడుగుతడు గద," అన్నాడు. 

"అడిగితె?" 

"'నా కోడలుంటది' అంట." 

ప్రేమలత గేరు మార్చి లారీని దాటింది.